కండక్టర్‌ ‘రైట్‌’ అంటేనే కచేరీ కదులుతుంది!

కొత్త మనుషులతో, తక్కువ టైమ్‌లో కలిసి పని చేయడం ఎలా? ఒక వేసవి కచేరీని జాగ్రత్తగా చూస్తే ఇంటర్వ్యూకి పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

ఆర్కెస్ట్రా అనగానే మన నందిగామ, జగ్గయ్యపేట వైపు గుర్తొచ్చేది తిరునాళ్ల స్టేజీ. కీబోర్డు, ప్యాడ్స్‌, ఇద్దరు ముగ్గురు సింగర్లు, అర్ధరాత్రి దాకా సినిమా పాటలు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక కండక్టర్‌ అనగానే గుర్తొచ్చేది ఆర్టీసీ బస్సే. పాశ్చాత్య సంగీతంలో ఈ రెండు మాటలకూ ఇంకో అర్థం ఉంది. అక్కడ ఆర్కెస్ట్రా అంటే డెబ్భై ఎనభై మంది వాద్యకారుల బృందం. కండక్టర్‌ అంటే చేతిలో చిన్న పుల్ల పట్టుకుని వాళ్ల ముందు నిలబడే మనిషి.

ఆ పుల్ల పట్టుకున్నాయన కచేరీ మొత్తంలో ఒక్క స్వరం కూడా వాయించడు. మరి ఆయనెందుకు అంటారా? మన బస్సులో కండక్టర్‌ చేతిలో స్టీరింగ్‌ ఉండదు, కాళ్ల కింద బ్రేకు ఉండదు. అయినా ఆయన ‘రైట్‌ రైట్‌’ అంటే తప్ప బస్సు కదలదు కదా! ఇదీ కాస్త అలాంటిదే.

సంగీతం పేజీలో రావాల్సిన విషయం కెరియర్‌ పేజీలో ఎందుకు అనుకోకండి. ఉద్యోగంలో చేరిన మొదటి నెల మీకు ఎదురయ్యే పరిస్థితిలోనే ఇలాంటి కచేరీకి వచ్చే అతిథులు ప్రతిసారీ ఉంటారు. తెలియని టీమ్‌, చేతిలో కొద్ది రోజులు, తప్పు జరిగితే అందరికీ వినిపిస్తుంది. వాళ్లు ఎలా నెట్టుకొస్తారో చూద్దాం.

జూన్‌ 20, 2019.. వియన్నా

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో షోన్‌బ్రున్‌ అని పాత రాజభవనం ఉంది. దాని తోటలో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌ ఆర్కెస్ట్రా ఏటా వేసవిలో ఆరుబయట ఒక కచేరీ చేస్తుంది. ఈ సంప్రదాయం 2004లో మొదలైంది. ప్రవేశం ఉచితం. వేలమంది గడ్డిలో కూర్చుని వింటారు. టీవీలో చాలా దేశాలవాళ్లు చూస్తారు.

2019లో ఆ కచేరీని నడిపింది గుస్తావో డుడామెల్‌. పియానో వాయించింది యుజా వాంగ్‌. ఇద్దరూ అతిథులే. డుడామెల్‌ది వెనిజులా. బార్కిసిమెటో అనే ఊళ్లో పుట్టి, ‘ఎల్‌ సిస్టెమా’లో నేర్చుకుని పైకొచ్చారు. డబ్బు లేని పిల్లలకు కూడా సంగీతం నేర్పాలని 1975లో జోస్‌ ఆంటోనియో అబ్రూ మొదలుపెట్టిన కార్యక్రమం అది. అబ్రూ చదువుకున్నది ఆర్థికశాస్త్రం కూడా! యుజా వాంగ్‌ది బీజింగ్‌. ఒకరిది దక్షిణ అమెరికా, ఒకరిది చైనా, ఆర్కెస్ట్రా ఏమో ఐరోపాది. ఆ రోజు వీళ్లు కలిసి వాయించినవాటిలో అమెరికా స్వరకర్త జార్జ్‌ గెర్ష్‌విన్‌ రాసిన ‘రాప్సొడీ ఇన్‌ బ్లూ’ ఉంది.

ఇంకో సంగతి. వియన్నా ఫిల్‌హార్మోనిక్‌కు 1933 నుంచి సొంత కండక్టర్‌ లేడు. ప్రతి కచేరీకీ బయటి నుంచి ఒకరిని పిలుస్తారు. అంటే టీమ్‌ పాతదే, లీడర్‌ మాత్రం ప్రతిసారీ కొత్త. పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఒక కార్యక్రమానికి మామూలుగా రెండు మూడు, మహా అయితే నాలుగు రిహార్సల్స్‌ ఉంటాయి. సోలో కళాకారులు వాటిలో ఒకటి రెండింటికే వస్తారు. ఇంత తక్కువ టైమ్‌లో అంతమంది ఒక్కటిగా ఎలా వాయిస్తారు?

17 మీటర్లు.. 50 మిల్లీసెకన్లు

ముందు కండక్టర్‌ అవసరం ఏంటో లెక్క వేద్దాం. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. పెద్ద స్టేజీ మీద ఈ చివర వయొలిన్‌కీ, ఆ చివర డ్రమ్ముకీ మధ్య 17 మీటర్ల దూరం ఉందనుకోండి. 17ను 343తో భాగిస్తే సుమారు 0.05 సెకను. అంటే 50 మిల్లీసెకన్లు. డ్రమ్ము దెబ్బ చెవిన పడ్డాక వయొలిన్‌ మొదలుపెడితే అప్పటికే 50 మిల్లీసెకన్లు లేటు. ఆన్‌లైన్‌ గేమ్‌ ఆడేవాళ్లకు ఆ లేటు విలువ తెలుసు. అందరూ ఇలా పక్కవాళ్లను విన్నాకే మొదలుపెడితే పాట నిమిషంలో చెల్లాచెదురైపోతుంది.

కాంతికి ఆ ఇబ్బంది లేదు. పుల్ల కదలిక అందరి కంటికీ ఒకేసారి కనిపిస్తుంది. అందుకే కాలం కోసం కండక్టర్‌ వైపు చూస్తారు, శ్రుతి కోసం, శబ్దం హెచ్చుతగ్గుల కోసం పక్కవాళ్లను వింటారు. రెండూ ఒకేసారి చేయాలి. కండక్టర్‌ చేసే పెద్ద పని కూడా ఇదే. ఏ గుంపు ఎప్పుడు అందుకోవాలో, ఎవరు తగ్గాలో, ఎవరికి దారి ఇవ్వాలో ముందే చూసి సైగ చేయడం.

ఇప్పుడు ఒక గ్రూప్‌ డిస్కషన్‌ ఊహించుకోండి. హైదరాబాద్‌లో ఆఫ్‌క్యాంపస్‌ డ్రైవ్‌. ముఖం కూడా తెలియని మరో ఏడుగురితో మిమ్మల్ని కూర్చోబెడతారు. మనవాళ్లలో చాలామంది అనుకునేది ఏంటంటే, గట్టిగా, ఎక్కువసేపు మాట్లాడినవాళ్లే గెలుస్తారని. ‘ఇందాక నువ్వు ఖర్చు గురించి ఏదో చెప్పబోయావు, పూర్తి చెయ్యి’ అని నోరు విప్పలేకపోతున్న అమ్మాయికి దారి ఇచ్చినవాళ్లను కూడా ప్యానెల్‌ గమనిస్తూ ఉంటుంది. అది సైగ ఇవ్వడమే. అయితే ఒక షరతు. ఎవరేం చెప్పారో మీరు నిజంగా విని ఉండాలి.

పియానో మారదు, మిగతావాళ్లే మారాలి

కచేరీకి ముందు ఆర్కెస్ట్రా శ్రుతి సరిచూసుకుంటుంది. మామూలుగా ‘ఓబో’ అనే సన్నాయి లాంటి వాద్యం ఒక స్వరం పట్టి ఉంచుతుంది. మిగతావాళ్లంతా దానికి కలుపుకుంటారు. స్టేజీ మీద పియానో ఉంటే మాత్రం ఓబో కూడా పియానో శ్రుతికే రావాలి. ఎందుకంటే పియానోలో రెండు వందలకు పైగా తీగలుంటాయి. వాటిని శ్రుతి చేయడానికి వేరే మనిషి, కొన్ని గంటల టైమ్‌ కావాలి. కచేరీ మొదలయ్యే ముందు అది కుదిరే పని కాదు.

గమనించారా? ఇక్కడ శ్రుతిని నిర్ణయించేది హోదా కాదు, మారే వీలు ఎవరికి లేదన్నది. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగంలో చేరితే మీకూ ఇలాంటి ‘పియానో’ ఎదురవుతుంది. ఇరవై ఏళ్ల కిందటి క్లయింట్‌ సిస్టమ్‌. పాత కోడ్‌. దాన్ని చూసి ‘ఇదేం చెత్త, మొత్తం మార్చేద్దాం’ అనడం కొత్తగా చేరినవాళ్లకు చాలా తేలిక. ముందు ఏది మారదో కనుక్కుని, మన కోడ్‌ను దానికి కలపడం అనుభవం ఉన్నవాళ్ల పద్ధతి.

చిన్న అచ్చులో పక్కవాళ్ల లైను

ఇప్పుడు అసలు విషయం. కండక్టర్‌ ముందున్న పుస్తకంలో అన్ని వాద్యాల స్వరాలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దాన్ని ‘స్కోర్‌’ అంటారు. వాద్యకారుల ముందు అది ఉండదు. ఎవరి భాగం వాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని ‘పార్ట్‌’ అంటారు. ట్రంపెట్‌ వాయించేవాళ్ల పార్టులో ఒక్కోసారి నలభై యాభై ఆవర్తాల దాకా ఏమీ ఉండదు. మౌనంగా లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. లెక్క ఒక్కటి తప్పినా అందుకునే చోటు తప్పుతుంది. ఆ తప్పు హాలంతా వినిపిస్తుంది.

అందుకే చాలా పార్టుల్లో, మనం అందుకోబోయే చోటికి కాస్త ముందు, వేరే వాద్యం వాయించే స్వరాలను చిన్న సైజులో అచ్చు వేస్తారు. వీటిని ‘క్యూ నోట్స్‌’ అంటారు. ఇవి వాయించడానికి కాదు, వినడానికి. ‘ఫ్లూట్‌ ఈ వరస వాయించగానే నీ వంతు’ అని గుర్తుచేయడానికి.

రెండు మూడు రిహార్సల్స్‌తో కచేరీ ఎలా అవుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. రిహార్సల్‌కు వచ్చేది నేర్చుకోవడానికి కాదు, కలపడానికి. ఎవరి పార్టు వాళ్లు ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తారు. పక్కవాళ్ల లైను కూడా కొంత తెలుసుకుని వస్తారు.

మన ఫైనల్‌ ఇయర్‌ ప్రాజెక్టు సంగతి చూడండి. నలుగురి టీమ్‌. ఒకరు కోడ్‌ రాస్తారు, ఒకరు రిపోర్టు, ఒకరు పీపీటీ, నాలుగో మనిషి బైండింగ్‌ చేయించుకొస్తారు! నలుగురి రెజ్యూమెలోనూ అదే ప్రాజెక్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఈ డేటా ఎక్కడి నుంచి వస్తోంది?’ అని అడగ్గానే ‘అది మా ఫ్రెండ్‌ చూశాడు సార్‌’. అక్కడితో ఆ ప్రాజెక్టు కథ ముగిసిపోతుంది. ఫ్రెండ్‌ కోడ్‌ మొత్తం మీకు రానక్కర్లేదు. అది మీ పనికి ఎక్కడ తగులుతుందో తెలిస్తే చాలు. అవే మీ క్యూ నోట్స్‌.

‘తల ఊపే దాకా ఆగు’

ఆ సాయంత్రం యుజా వాంగ్‌ వాయించిన ‘రాప్సొడీ ఇన్‌ బ్లూ’ పుట్టిన తీరు కూడా తెలుసుకోవాల్సిందే. 1924 జనవరి మొదట్లో న్యూయార్క్‌ పత్రికలో ఒక వార్త వచ్చింది. పాల్‌ వైట్‌మన్‌ అనే బ్యాండ్‌ లీడర్‌ ఫిబ్రవరి 12న పెట్టబోయే కచేరీ కోసం జార్జ్‌ గెర్ష్‌విన్‌ ఒక జాజ్‌ కన్చెర్టో రాస్తున్నాడని. గెర్ష్‌విన్‌ అప్పటికి మొదలే పెట్టలేదు! అన్న ఐరా ఆ వార్త చదివి చూపిస్తే గానీ ఆయనకు సంగతి తెలియలేదు. చేతిలో ఉన్నది ఐదు వారాల పైచిలుకు. వయసు 25.

ఆయన పియానోకు సరిపడా రాస్తూ పోతుంటే, బ్యాండులోని వాద్యాలకు దాన్ని పంచి రాసే పని ఫెర్డీ గ్రోఫే తీసుకున్నారు. బ్యాండులో ఎవరు ఏది బాగా వాయిస్తారో ఆయనకు బాగా తెలుసు. మొదట్లో వచ్చే క్లారినెట్‌ వరసను రాస్‌ గోర్మన్‌ అనే వాద్యకారుడు రిహార్సల్లో సరదాకి జారుడుగా, ఏడుపులా వాయించాడు. గెర్ష్‌విన్‌కు అది తెగ నచ్చింది. అలాగే ఉంచమన్నారు. నేడు ఆ పాటను ప్రపంచం గుర్తుపట్టేది ఆ జారుడుతోనే.

పియానో సోలో భాగం మొత్తం కాగితం మీద పెట్టే టైమ్‌ గెర్ష్‌విన్‌కు దొరకలేదు. కొంత స్టేజీ మీద అప్పటికప్పుడు వాయించారు. మరి బ్యాండుకు ఎక్కడ అందుకోవాలో ఎలా తెలియాలి? స్కోర్‌లో ఒకచోట ‘తల ఊపే దాకా ఆగు’ అన్న అర్థం వచ్చే సూచన రాసి పెట్టారు. పని పూర్తికాని చోట కూడా, ‘ఇక్కడ పూర్తి కాలేదు, ఫలానా సైగ కోసం చూడండి’ అని రాసి ఉంచారన్నమాట. డెడ్‌లైన్‌ ముందు మీ మాడ్యూల్‌ పూర్తి కాకపోతే దాచిపెట్టకుండా ఇలా రాసి ఇవ్వండి. టీమ్‌ ఆగిపోదు.

పిలుపు చెప్పి రాదు

1943 నవంబరు 14, ఆదివారం. న్యూయార్క్‌ ఫిల్‌హార్మోనిక్‌ కచేరీకి అతిథి కండక్టర్‌గా వచ్చిన బ్రూనో వాల్టర్‌కు ఫ్లూ జ్వరం. ఆ రోజు కచేరీ రేడియోలో దేశమంతా ప్రసారం కావాలి. ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరిన అసిస్టెంట్‌ కండక్టర్‌ను పిలిచారు. రిహార్సల్‌ లేదు. ఆయన పేరు లియోనార్డ్‌ బెర్న్‌స్టీన్‌. వయసు 25. మర్నాడు న్యూయార్క్‌ టైమ్స్‌ మొదటి పేజీలో వార్త.

యుజా వాంగ్‌ కథ కూడా ఇలాంటిదే. 2007 మార్చిలో బోస్టన్‌ సింఫనీ కచేరీల్లో ప్రఖ్యాత పియానిస్ట్‌ మార్తా అర్గెరిచ్‌కు బదులుగా ఆమె వాయించారు. అప్పటికి 20 ఏళ్లు. మన దేశంవాడైన జుబిన్‌ మెహతా ముంబయిలో డాక్టరీ దారి వదిలేసి 18 ఏళ్లప్పుడు వియన్నా వెళ్లి సంగీతం చదువుకున్నారు. 1960లో మాంట్రియల్‌లో ఇగోర్‌ మార్కెవిచ్‌ బదులు కండక్ట్‌ చేసే అవకాశం వచ్చింది. తర్వాత ఆ ఆర్కెస్ట్రాకే సారథి అయ్యారు.

ఇలాంటి కథలు చదివి ‘సిద్ధంగా ఉంటే చాలు, అవకాశం అదే వస్తుంది’ అనుకుంటే పొరపాటు. సిద్ధంగా ఉండి కూడా పిలుపు రాని అసిస్టెంట్లు ఎంతోమంది. వాళ్ల పేర్లు పత్రికల మొదటి పేజీలో రావు కాబట్టి మనకు తెలియవు. ఇక్కడ తీసుకోవాల్సింది వేరే. ఆ రోజు బెర్న్‌స్టీన్‌ను నిలబెట్టింది, తనది కాని పని కూడా ముందే చదివి ఉండటం. సీనియర్‌ సెలవు పెట్టిన రోజు డెమో ఇవ్వమంటే ఇవ్వగలిగే ఫ్రెషర్‌ ఎవరు? ఆయన డెమో ఇస్తున్నప్పుడు ఫోన్‌ చూసుకోకుండా నోట్స్‌ రాసుకున్నవాళ్లే.

తెర వెనక పరీక్ష

ఆర్కెస్ట్రాలో సీటు ఎలా వస్తుంది? ఆడిషన్‌తో. అమెరికాలో 1970ల నుంచి చాలా ఆర్కెస్ట్రాలు స్టేజీకి అడ్డంగా తెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఎవరో జడ్జీలకు కనిపించదు. నడక చప్పుడును బట్టి ఆడో మగో పసిగట్టకుండా కింద కార్పెట్‌ పరచడం, చెప్పులు విప్పించడం కూడా చేశారు.

తెర ఎందుకు కావాల్సి వచ్చిందో మనం చెప్పుకుంటున్న వియన్నా ఆర్కెస్ట్రా చరిత్రే చెబుతుంది. అది 1842లో పుట్టింది. మహిళలకు సభ్యత్వం ఇవ్వడం 1997లో గానీ మొదలుకాలేదు. హార్ప్‌ వాయించే అన్నా లెల్కెస్‌ అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా వాళ్లతో కలిసి వాయిస్తున్నా సభ్యురాలు కాలేకపోయారు. 2019లో అదే ఆర్కెస్ట్రా ముందు పియానో దగ్గర కూర్చుని యుజా వాంగ్‌ వాయించారంటే మధ్యలో ఎంత మార్పు జరిగిందో ఆలోచించండి.

ఆన్‌లైన్‌ కోడింగ్‌ టెస్టు ఒక రకంగా ఈ తెర లాంటిదే. అక్కడ మీ ఊరి పేరు, కాలేజీ పేరు, ఇంగ్లిష్‌ యాస కనిపించవు. మీ జవాబు మాత్రమే కనిపిస్తుంది. పెద్ద పేరున్న కాలేజీ కాదని దిగులు పడేవాళ్లు ముందు ఈ దారిని గట్టిగా పట్టుకోవాలి. తెర తీశాక మాత్రం కలిసి పని చేయగలరా అన్నది చూస్తారు. వియన్నాలోనూ అంతే. ఆడిషన్‌ గెలిస్తే వచ్చేది అక్కడి స్టేట్‌ ఒపేరా ఆర్కెస్ట్రాలో చోటు. అందులో కనీసం మూడేళ్లు వాయించాకే ఫిల్‌హార్మోనిక్‌ సభ్యత్వానికి అర్హత.

లండన్‌లో మన బాహుబలి

ఇదంతా విదేశాల సంగతి, మనకేంటి అంటారేమో. వియన్నా కచేరీ జరిగిన 2019లోనే, అక్టోబరు 19న, లండన్‌లోని రాయల్‌ ఆల్బర్ట్‌ హాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్‌’ సినిమా వేశారు. తెర మీద సినిమా నడుస్తుంటే, కీరవాణి సంగీతాన్ని రాయల్‌ ఫిల్‌హార్మోనిక్‌ కాన్సర్ట్‌ ఆర్కెస్ట్రా అక్కడికక్కడే వాయించింది. 2025 మే నెలలో అదే హాల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’కూ అలాంటి కచేరీ జరిగింది.

ఇక్కడ ‘మారని పియానో’ సినిమానే. మహేంద్ర బాహుబలి జలపాతం ఎక్కుతూ దూకే క్షణం ఆర్కెస్ట్రా కోసం ఆగదు. కండక్టర్‌ తన ముందున్న మానిటర్‌లో బొమ్మనీ, టైమ్‌ గుర్తుల్నీ చూస్తూ అందరినీ దానితో కలపాలి. ఇలాంటి కచేరీ వెనక ఎన్ని పనులున్నాయో చూడండి. సినిమా శబ్దంలోంచి సంగీతాన్ని విడదీసి మాటలు, ఎఫెక్ట్స్‌ మాత్రం ఉంచాలి. కంప్యూటర్‌లో చేసిన సంగీతాన్ని వాద్యాలకు పంచి రాయాలి. పార్టులు తప్పుల్లేకుండా అచ్చు వేయాలి. సౌండ్‌ కలపాలి. సింక్‌ చూడాలి. వీటిలో సగం పనులు ఇంజినీరింగ్‌ బుర్రకు బాగా పట్టేవే. ఆసక్తి ఉంటే పుణెలోని ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో సౌండ్‌ కోర్సులున్నాయి. చెన్నైలో ఏఆర్‌ రెహమాన్‌ స్థాపించిన కేఎం మ్యూజిక్‌ కన్సర్వేటరీ ఉంది. ముంబయిలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్‌ ఇండియాకు విదేశీ కండక్టర్లు, సోలోయిస్టులు అతిథులుగా వస్తుంటారు.

ఈ సెలవుల్లో ఇలా చేయండి

ఒకే కచేరీ.. మూడుసార్లు: యూట్యూబ్‌లో వియన్నా సమ్మర్‌ నైట్‌ కచేరీల వీడియోలు వెతకండి. పది నిమిషాల ముక్క చాలు. మొదటిసారి కండక్టర్‌ ఎడమ చేతినే చూడండి. రెండోసారి పియానిస్ట్‌, కండక్టర్‌ ఎప్పుడెప్పుడు ఒకరినొకరు చూసుకుంటున్నారో లెక్కపెట్టండి. మూడోసారి ఏమీ వాయించకుండా కూర్చున్న ఒక వాద్యకారుణ్ని పట్టుకుని, ఆ మనిషి ఖాళీ టైమ్‌లో ఏం చేస్తున్నాడో చూడండి. పాట అర్థం కాకపోయినా పర్లేదు.

ప్రాజెక్టుకు ఒక పేజీ పార్టు: టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాయండి. పెద్ద అక్షరాల్లో మీరు చేసిన పని. చిన్న అక్షరాల్లో, మీ పనికి ముందు ఎవరి నుంచి ఏం రావాలి, మీ తర్వాత ఎవరికి ఏం వెళ్తుంది. తర్వాత పేజీలు మార్చుకుని చదవండి. రెండు పేజీలు ఒకదానికొకటి కుదరని చోటే ఇంటర్వ్యూలో మీరు దొరికిపోయే చోటు.

‘టీమ్‌లో పనిచేసిన అనుభవం చెప్పండి’: ‘మా టీమ్‌లో అందరం బాగా కలిసి పనిచేశాం, నేను డేటాబేస్‌ చూశాను’ అనే జవాబు ప్యానెల్‌ రోజూ వింటుంది. దాని బదులు ఇలా చెప్పి చూడండి: ‘నేను టేబుల్‌ మారిస్తే యాప్‌ రాసే మా ఫ్రెండ్‌ పని ఆగిపోయేది. అందుకని మార్చే ముందు రోజే ఆమెకు చెప్పి, ఒక డమ్మీ డేటా ఇచ్చేదాన్ని. పరీక్షల వల్ల ఆమె వారం రోజులు రాలేనప్పుడు ఆ స్క్రీన్లు నేనే చూపించగలిగాను.’ ఇందులో గొప్ప ఇంగ్లిష్‌ లేదు, పెద్ద టెక్నాలజీ పేర్లు లేవు. పక్కవాళ్ల లైను మీకు తెలుసన్న రుజువు ఉంది. ఇలాంటి రుజువు కల్పించి చెబితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది. కాబట్టి ముందు ఆ పని నిజంగా చేయండి.

ఇంకో నెలలో నోటిఫికేషన్లు, డ్రైవ్‌లు మొదలవుతాయి. తెల్లవారుజామున చిల్లకల్లు దగ్గరో, నందిగామ బైపాస్‌లోనో హైదరాబాద్‌ బస్సు కోసం నిలబడినప్పుడు మీ ఫైల్లో సర్టిఫికెట్లు, రెజ్యూమెతో పాటు ఆ ఒక్క పేజీ కూడా ఉండాలి. నాలుగు గంటల ప్రయాణం. పెద్ద అక్షరాలు మీకు ఎలాగూ వచ్చు, చిన్న అక్షరాలు ఇంకోసారి చదువుకోండి.